గండికోట మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు

టికెట్ కాగితంలో మా అమ్మ కంట పడినవి రెండే రెండు సమయాలు. బెంగళూరులో బయలుదేరేది మధ్యాహ్నం 2:00, శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేది సాయంత్రం 5:30. తేదీ రెండుచోట్లా ఒకటే, 2024 జులై 17. కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చూసింది.

"మూడున్నర గంటలేనా నాయనా? జమ్మలమడుగు బస్సుకే ఏడు గంటలు పడుతుందే!"

నవ్వాను గానీ ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. ముప్పైనాలుగేళ్లు బ్యాంకులో లెక్కలు సరిచూసి అప్పుడే పదవీ విరమణ చేసినవాణ్ని. రెండు సమయాల మధ్య తేడా చెప్పలేకపోవడం నాకే నామోషీగా అనిపించింది. అమ్మకు డెబ్బైతొమ్మిది. నాన్న పోయాక మారతహళ్లిలో మా ఇంట్లోనే ఉంటోంది. చెల్లెలు శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌లో స్థిరపడి పదిహేనేళ్లయింది. "అమ్మను ఒక్కసారి తీసుకురా అన్నయ్యా" అని ఏటా అడుగుతూనే ఉంది. వీసా వచ్చింది, టికెట్లూ కొన్నాం. ఇక మిగిలింది అమ్మ ప్రశ్న. ఎంత దూరం, ఎంతసేపు?

దూరం నుంచి మొదలుపెట్టాను, అది సులువు అనుకుని. మనవడి గదిలో గోడకు ప్రపంచ పటం ఉంది. అందులో బెంగళూరు కుడిపక్క, శాన్‌ఫ్రాన్సిస్కో ఎడమ అంచున. రెంటినీ కలుపుతూ స్కేలు పెట్టాను. అరేబియా సముద్రం, సహారా ఎడారి, అట్లాంటిక్ మహాసముద్రం దాటి, అమెరికా మొత్తం అడ్డంగా కోసుకుంటూ పోయింది గీత. ఆ గీత వెంట నిజంగా ప్రయాణిస్తే దాదాపు 20,000 కిలోమీటర్లు. అంటే భూమి చుట్టుకొలతలో సగం. అంత దూరం ఆగకుండా ఎగిరే ప్రయాణికుల విమానం లేదు. ఇప్పుడున్న వాటిలో అన్నిటికన్నా పొడుగైన సింగపూర్–న్యూయార్క్ విమానం కూడా 15,300 కిలోమీటర్ల ప్రయాణమే. తప్పు నాది కాదు, పటానిది. గుండ్రటి భూమిని బల్లపరుపుగా సాగదీస్తే ఉత్తరాన ఉన్న దేశాలు ఉబ్బిపోతాయి, దగ్గరి దారులు వంకర దారుల్లా కనిపిస్తాయి.

ఎదురింటి పిల్లవాడి గ్లోబు అడిగి తెచ్చాను. దాని నడుముకు దారం చుట్టి కొలిస్తే 96 సెంటీమీటర్లు. భూమి నడుము 40,000 కిలోమీటర్లు కాబట్టి ఒక సెంటీమీటరుకు 417 కిలోమీటర్ల లెక్క. అమ్మ పూలు కట్టుకునే దారం ఉండ తీసుకుని, ఒక కొస బెంగళూరు మీద నొక్కిపట్టి, రెండోది శాన్‌ఫ్రాన్సిస్కో వరకు బిగించి లాగాను. దారం తూర్పుకూ పోలేదు, పడమరకూ పోలేదు. నేరుగా ఉత్తరానికి ఎక్కింది. నేపాల్, టిబెట్, మంగోలియా, సైబీరియా దాటి, మంచు సముద్రం అంచు తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగింది. కొలిస్తే ముప్పైమూడున్నర సెంటీమీటర్లు. సుమారు 14,000 కిలోమీటర్లు.

దారం నమ్మదగినదే, కానీ బ్యాంకు బుద్ధి ఊరుకోదు కదా. కళాశాలలో చదివి మరిచిపోయిన గోళ త్రికోణమితిని బయటికి తీశాను. బెంగళూరు విమానాశ్రయం 13.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 77.7 డిగ్రీల తూర్పు రేఖాంశం. శాన్‌ఫ్రాన్సిస్కోది 37.6 డిగ్రీల ఉత్తరం, 122.4 డిగ్రీల పడమర. సైన్లు, కొసైన్లు గుణించి కూడితే భూమి కేంద్రం దగ్గర ఈ రెండు ఊళ్ల మధ్య కోణం 125.8 డిగ్రీలు వచ్చింది. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున 13,989. పూలదారానికీ సూత్రానికీ తేడా ఇరవై కిలోమీటర్ల లోపే. ఆ రాత్రి నాకు కలిగిన గర్వం మా ఆవిడకు అర్థం కాలేదు.

లెక్క మొదలుపెట్టినవాణ్ని అక్కడితో ఆగలేదు. ఆ దారి మన పక్క ఏయే ఊళ్ల మీదుగా పోతుందో ఒక్కో అక్షాంశానికీ విడిగా కట్టాను. 14.8 డిగ్రీల అక్షాంశం దగ్గర రేఖాంశం 78.3 వచ్చింది. అది గండికోట. పెన్నా నది కొండను చీల్చుకుపోయే లోయ దగ్గరికి సరిగ్గా వచ్చింది గీత. జమ్మలమడుగు అక్కడికి కూతవేటు దూరం. అమ్మ పుట్టిందీ పెరిగిందీ అక్కడే. తర్వాత నంద్యాల పక్కగా, నల్లగొండకు పడమరగా సాగిపోతుంది. మరునాడు పొద్దున అమ్మకు చెప్పాను.

"అయితే విమానం మన ఊరి మీద నుంచే పోతుందా?"

పోతుందనే చెప్పాను. అక్కడే పప్పులో కాలేశాను.

సమయం సంగతికొస్తే ముందు టికెట్లు కొన్న ఏజెంటుతో పేచీ పడింది. "పద్నాలుగు వేల కిలోమీటర్లు సార్, గంటకు వెయ్యి, పద్నాలుగు గంటల్లో వెళ్లిపోతారు" అన్నాడతను. పెద్ద విమానాలు గంటకు తొమ్మిది వందల కిలోమీటర్లకు అటూ ఇటూ పోతాయి. 14,000ను 900తో భాగిస్తేనే పదిహేనున్నర గంటలు. అది కూడా గాలి లేనప్పుడు, దారం వెంటే పోయినప్పుడు. దానికి నేల మీద పాకే సమయం కలుపుకోవాలి. టికెట్లో రాసేది గాల్లో ఉండే సమయం కాదు. గేటు వదిలినప్పటి నుంచి అవతలి గేటు చేరేవరకు.

అంతకు ముందు దారిలో దిగి మారే విమానాలు కూడా చూశాం. దుబాయి మీదుగా అయితే 2,700, ఆపైన 13,000, మొత్తం 15,700 కిలోమీటర్లు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పదహారున్నర వేలు. సింగపూర్ మీదుగా ఇంకాస్త ఎక్కువ, 16,700. విచిత్రం ఏమిటంటే, దూరం పెరిగేది మహా అయితే రెండు మూడు వేల కిలోమీటర్లు, అంటే మూడు గంటల ఎగురుడు. కానీ ప్రయాణ సమయం ఇరవైరెండు గంటల నుంచి ముప్పై దాకా పాకుతుంది. మిగతాదంతా మధ్య ఊళ్లో కుర్చీల మీద కూర్చోవడమే. డెబ్బైతొమ్మిదేళ్ల మనిషిని అర్ధరాత్రి ఇంకో దేశంలో తనిఖీల వరుసలో నిలబెట్టడం నాకిష్టం లేకపోయింది. డబ్బు ఎక్కువైనా నేరుగా పోయే విమానమే ఖాయం చేశాం.

బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో మధ్య నేరు విమానం 2021 జనవరిలో మొదలైంది. అటు నుంచి వచ్చిన మొదటి ఎయిరిండియా విమానాన్ని నడిపింది అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో ఉత్తర ధ్రువం మీదుగా పదిహేడు గంటలు ఎగిరి, జనవరి 11 తెల్లవారుజామున బెంగళూరులో దించారు. ఆ నలుగురు పైలట్లలో పాపగారి తన్మయి ఒకరు. ఇంటిపేరు వినగానే "మన అమ్మాయే" అని తేల్చేసింది అమ్మ. ఆ తర్వాత ఆమెకు విమానం మీద నమ్మకం కుదిరింది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో బయలుదేరిన ఒక విమానం ఇంజిన్ లోపంతో 2023 జూన్‌లో రష్యాలోని మగదాన్‌లో దిగిన కథ మాత్రం నేను చెప్పలేదు. అందరూ క్షేమంగానే వెళ్లారు గానీ, అన్నీ చెప్పాలని ఏముంది?

మందులు చేతి సంచిలో, చక్రాల కుర్చీ టికెట్‌తో పాటే, కాళ్లు వాచకుండా బిగుతు మేజోళ్లు, గంటన్నరకోసారి లేచి నడవాలనే డాక్టరు మాట. ఇవన్నీ అందరికీ తెలిసినవే. అసలు చిక్కు పంచాంగంలో వచ్చింది. జులై 17 తొలి ఏకాదశి. ఏకాదశి నాడు అమ్మ పచ్చి మంచినీళ్లు, కాసిన్ని పాలు, ఏదైనా పండు తప్ప ముట్టదు. తొలి ఏకాదశికి మాత్రం పేలపిండి కొంచెం నోట్లో వేసుకుంటుంది. మరునాడు సూర్యోదయం అయ్యాక ద్వాదశి పారణ, అంటే ఉపవాసం విడవడం. మరో తేదీకి మారుద్దామంటే ఒప్పుకోలేదు. "మంచి రోజు వదులుకుని చెడ్డ రోజు వెతుక్కుంటావా?" అంది. బుధవారం వేకువనే లేచి బెల్లం కలిపి దంచిన పేలపిండి చిన్న డబ్బాలో, తులసి ఆకులు ఇంకో డబ్బాలో సర్దుకుంది.

ఎనిమిదిన్నరకు ఇల్లు వదిలాం. మారతహళ్లి నుంచి దేవనహళ్లి విమానాశ్రయానికి నలభై కిలోమీటర్లు. అవుటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో పనులు, తర్వాత హెబ్బాళ ఫ్లైఓవరు, తెలిసిన కష్టమే. సరిగ్గా రెండు గంటలు పట్టింది. గంటకు ఇరవై కిలోమీటర్లు. టాక్సీలో కూర్చుని లెక్క వేశాను. ఇదే వేగంతో శాన్‌ఫ్రాన్సిస్కో దాకా పోతే ఏడు వందల గంటలు, అంటే ఇరవైతొమ్మిది రోజులు. డ్రైవరుతో అంటే అతను నవ్వలేదు.

రెండో టెర్మినల్ పైకప్పంతా వెదురు. మొక్కలు పైనుంచి వేలాడుతుంటాయి. చక్రాల కుర్చీలో కూర్చుని తల పైకెత్తి చూసిన అమ్మ, "ఎంత పెద్ద పెళ్లి పందిరి వేశారు!" అంది. కుర్చీ తోసే కుర్రాడు హిందూపురం వాడని తెలిశాక వాళ్లిద్దరి మాటల్లో నాకు చోటు దొరకలేదు.

విమానం రెండుంపావుకు కదిలింది. అమ్మకు కిటికీ సీటు. పైకి లేచాక నేను ముందు తెర మీది పటం పెట్టాను. పక్కనున్నవాళ్లంతా సినిమాలు పెట్టుకుంటే నేను పదహారు గంటలూ ఆ పటమే చూశానంటే అతిశయోక్తి కాదు. గీత గండికోట వైపు తిరగలేదు. తూర్పుకు తిరిగింది. తిరుపతి పక్కగా కోస్తా దాటి బంగాళాఖాతం మీదికి పోయింది. కిందంతా మేఘాలు.

"మన ఊరు వచ్చిందా?" అంది అమ్మ.

దారం చూపినదే దగ్గరి దారి, అయినా విమానం దాని వెంట పోదని అప్పటికి చదివి తెలుసుకున్నాను గానీ, అమ్మతో చెప్పడానికి నోరు రాలేదు. మొదటి కారణం టిబెట్. విమానం లోపలి గాలి ఒత్తిడి ఎప్పుడైనా పడిపోతే పైనుంచి ముసుగులు ఊడిపడతాయి కదా, ప్రయాణికులకు ఆ ప్రాణవాయువు అందేది సాధారణంగా పన్నెండు నుంచి ఇరవైరెండు నిమిషాలే. ఆలోగా పైలట్ విమానాన్ని మామూలుగా ఊపిరాడే మూడు వేల మీటర్ల ఎత్తుకు దించాలి. టిబెట్‌లో నేలే నాలుగున్నర వేల మీటర్ల పైన ఉంటే ఎక్కడికి దించుతాడు? రెండో కారణం గాలి. తూర్పుకు పోయేవాళ్లకు పసిఫిక్ మీద వెనకనుంచి తోసే గాలి దొరుకుతుంది. దాన్ని అందుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు చుట్టు తిరిగినా లాభమే. గాల్లో దగ్గరి దారి వేరు, త్వరగా చేరే దారి వేరు.

ఈ గాలి కథ నాకు భలే నచ్చింది. మొదటి రెండు గంటలు తెర మీద వేగం ఎనిమిదిన్నర వందలు దాటలేదు. వర్షాకాలంలో దక్షిణ భారతం మీద, బాగా ఎత్తున, తూర్పు నుంచి పడమరకు ఒక గాలి ప్రవాహం ఉంటుంది. మన వాతావరణ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం దాని గురించి 1950లలో ప్రపంచానికి చెప్పారు. నైరుతి రుతుపవనాలకూ దానికీ సంబంధం ఉంది. తూర్పుకు పోయేవాడికి అది ఎదురుగాలి. మేం దాని అడుగు అంచున పోతున్నామేమో అనుకున్నాను. చైనా దాటి జపాన్ దగ్గరికి వచ్చేసరికి వేగం వెయ్యి దాటింది, పసిఫిక్ మీద 1,060 కూడా చూశాను. ఈ రెండోది పడమటి గాలి. దీన్ని 1920లలో జపాన్‌లోని తతెనో దగ్గర బెలూన్లు వదిలి కనిపెట్టినాయన వసబురో ఒయిషి. లోకమంతా చదవాలని 1926లో తన నివేదికను అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంటో భాషలో అచ్చువేశాడు. ఎవరూ చదవలేదు! రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ బాంబర్లు జపాన్ మీదికి వచ్చి ఆ గాలిలో చిక్కుకున్నాక గానీ దాని బలం అందరికీ తెలియలేదు. పాపం, మాతృభాషలో రాసుకున్నా కనీసం సొంతవాళ్లు చదివేవారు.

సాయంత్రం ఐదున్నర దాటిందో లేదో బయట చీకటి పడింది. మనం సూర్యుడికి ఎదురుగా పరిగెత్తుతున్నాం కాబట్టి పొద్దు తొందరగా గుంకుతుందని చెప్పాను. అమ్మ పేలపిండి రెండు చిటికెలు నోట్లో వేసుకుని, నాకూ పక్కసీటు తమిళావిడకూ పెట్టి, పడుకుంది. నేను మాత్రం గడియారం మన సమయంలోనే ఉంచుకుని కూర్చున్నాను.

రాత్రి పదకొండు దాటాక కిటికీ మూత కింద సన్నగా ఎర్రటి గీత కనబడింది. మూత కొద్దిగా ఎత్తి చూశాను. సూర్యోదయం! బెంగళూరులో మా ఆవిడ అప్పుడే దీపాలు ఆర్పి పడుకునే వేళ. వెలుతురుకు అమ్మ లేచింది. బయటికి చూసింది, దండం పెట్టుకుంది, నా వైపు తిరిగింది.

"తెల్లవారింది కదా. ద్వాదశి వచ్చిందా? పారణ చేయవచ్చా?"

ఇంత మంచి ప్రశ్న నన్ను నా ముప్పైనాలుగేళ్ల ఉద్యోగంలో ఎవరూ అడగలేదు. ఆలోచించాను. తిథికి గడియారంతో పనిలేదు, ఊరితోనూ పనిలేదు. చంద్రుడు సూర్యుడికన్నా పన్నెండు డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి. పదకొండు పన్నెండ్లు నూటముప్పైరెండు, చంద్రుడు అంత దూరం జరిగిన క్షణాన ఏకాదశి అయిపోతుంది. బెంగళూరులో ఉన్నా, పసిఫిక్ మీద ఉన్నా ఆ క్షణం ఒకటే. మన గడియారంలో రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో అది దాటిపోయిందని పంచాంగం చెబుతోంది. ఇక సూర్యోదయం అంటారా, అది మాత్రం మనం ఎక్కడుంటే అక్కడిదే. ద్వాదశి వచ్చింది, కళ్లెదుట సూర్యుడూ వచ్చాడు. శాస్త్రం ప్రకారం లోటేమీ కనిపించలేదు. "చేయవచ్చమ్మా" అన్నాను. తులసి ఆకు వేసుకుని రెండు గుక్కల నీళ్లు తాగింది. కొన్ని గంటల తర్వాత ఉప్మా పెట్టారు. తృప్తిగా తిన్నది.

పైనుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర నీళ్ల మీదే దిగుతున్నట్టు అనిపిస్తుంది, చివరి క్షణంలో నేల వస్తుంది. తెర మీద తిరిగిన దూరం 14,800 చిల్లర. దారం లెక్కకన్నా ఎనిమిది వందలు ఎక్కువ. గాల్లో ఉన్నది పదిహేను గంటల ఇరవై నిమిషాలు. అక్కడి గడియారంలో బుధవారం సాయంత్రం ఐదున్నర కూడా కాలేదు, ఎండ ఇంకా గట్టిగానే ఉంది. ఇమిగ్రేషన్ వరుస, సామాన్లు, చెల్లెలి ఏడుపు, అమ్మ ఏడుపు. ఇంటికి చేరేసరికి ఏడున్నర.

వంటింట్లో పొయ్యి మీద ఏమీ లేదు. చెల్లెలు పండ్లు కోసి పళ్లెంలో పెట్టింది. "అన్నయ్యకు చపాతీలు చేస్తాను. నీకూ నాకూ పాలూ పండ్లే కదమ్మా, ఈరోజు తొలి ఏకాదశి" అంది.

అమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఆ రోజు అక్కడ సూర్యోదయం అయ్యేసరికి మన గడియారంలో సాయంత్రం ఆరున్నర. అప్పటికి ఏకాదశి ఇంకా ఉంది. కాబట్టి ఆ ఊళ్లో ఆ బుధవారమంతా ఏకాదశే. మేం తేదీ రేఖ దాటి వచ్చి, అయిపోయిన బుధవారంలోకి మళ్లీ అడుగుపెట్టాం. మాకు ఆ బుధవారం ముప్పైఆరున్నర గంటలు. పారణ చేసి వచ్చిన మనిషి మళ్లీ ఏకాదశిలో దిగింది. నా లెక్కలో తప్పు లేదు, చెల్లెలి పంచాంగంలోనూ తప్పు లేదు. కాసేపు ముగ్గురం వాదించుకున్నాం. చివరికి అమ్మే తీర్పు చెప్పింది. "ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి ధర్మం. తిన్నది ప్రయాణంలో తిన్నాను, దాన్ని లెక్కపెట్టకండి." ఆ రాత్రి మళ్లీ పాలూ పండుతోనే పడుకుంది. మరునాడు పొద్దున రెండోసారి పారణ చేసింది. నేను చపాతీలు తిన్నాను, కొంచెం తప్పు చేసినవాడిలా.

అక్కడి ఆరు వారాల సంగతి ఇక్కడ అనవసరం. మొదటి వారం మాత్రం పగలూ రాత్రీ తారుమారై అర్ధరాత్రి రెండింటికి ఇద్దరం వంటింట్లో కలుసుకునేవాళ్లం. పన్నెండున్నర గంటల తేడా అంటే శరీరానికి పూర్తిగా తలకిందులే.

తిరుగు టికెట్ చూసి అమ్మ మళ్లీ ఆగిపోయింది. ఆగస్టు 30 శుక్రవారం రాత్రి 9:00కు బయలుదేరి, సెప్టెంబరు 1 ఆదివారం తెల్లవారుజామున 3:00కు చేరడం. ముప్పై గంటలు! "పోయేటప్పుడు మూడున్నర, వచ్చేటప్పుడు ముప్పై. వీళ్లకేమైనా పిచ్చా?" అంది. ఈసారి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. రెండూ కలుపు, ముప్పైమూడున్నర. గడియారం పోయేటప్పుడు పన్నెండున్నర గంటలు దాచిపెట్టింది, వచ్చేటప్పుడు అంతే అదనంగా చూపిస్తోంది. కలిపితే ఆ దొంగలెక్క కొట్టుకుపోతుంది. పోయేది పదహారు గంటలు, వచ్చేది పదిహేడున్నర. ఆ గంటన్నర తేడా గాలిది. ఇటు వచ్చేటప్పుడు అది మనకు ఎదురు. రెండు ఊళ్ల మధ్య ఎంతసేపు అని ఎవరైనా అడిగితే నేను ఇప్పుడు ఒక దిక్కు సంఖ్య చెప్పను. పోను రాను రెండూ అడగమంటాను.

అమ్మకు ఆ వివరణ నచ్చింది. కానీ ఆమె చూపు ఇంకోచోట ఆగింది. "మధ్యలో శనివారం ఏమైంది?"

అది శ్రావణ శనివారం. అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది, శ్రావణంలో అయితే మరీ నిష్ఠగా. శుక్రవారం రాత్రి ఎక్కి ఆదివారం వేకువన దిగితే శనివారం మొత్తం గాల్లోనే. అంతవరకు పరవాలేదు. విమానం అలాస్కా మీదుగా రష్యా తూర్పు కొస వైపు ఎక్కింది. ఈసారి సూర్యుడితో పాటే పడమరకు పోతున్నాం, అతను మాకు ముందు, మేం వెనక. అంత ఉత్తరాన రాత్రి కూడా ఆకాశం అంచున బూడిద కలిసిన ఎర్రజీర కనబడింది. అది పెరుగుతుందని, సూర్యుడు వస్తాడని అమ్మ చాలాసేపు చూసింది. రాలేదు. జీర అలాగే కాసేపు ఉండి, మేం దక్షిణానికి తిరిగాక పూర్తిగా చీకటైంది. పదిహేడున్నర గంటలూ రాత్రే. సూర్యోదయం లేని రోజును శనివారమని ఎలా అనాలో, ఒక్కపొద్దు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా లెక్కపెట్టాలో నన్ను అడగలేదు. బహుశా నా లెక్కల మీద నమ్మకం సడలి ఉంటుంది. ఒక్కసారే భోజనం చేసి ఊరుకుంది.

ఆదివారం రెండున్నర ప్రాంతంలో తెర మీది పటంలో తెలిసిన పేర్లు వచ్చాయి. హైదరాబాదు వెనకబడింది. కర్నూలు వచ్చింది. విమానం బొమ్మ సరిగ్గా నా పూలదారం వెంటే కిందికి దిగుతోంది. అమ్మను తట్టాను, మెలకువగానే ఉంది. కిటికీకి ముక్కు ఆనించి చూసింది. మేఘాలు పలచగా ఉన్నాయి. చీకట్లో అక్కడక్కడ వెలుగు ముద్దలు, వాటిని కలుపుతూ సన్నటి చుక్కల గీతలు.

"ఆ పెద్దది ప్రొద్దుటూరు అయితే, దాని పక్క చిన్నది మనది" అంది. అవునో కాదో నేను చెప్పలేను. తెర మీద బెంగళూరుకు 190 కిలోమీటర్లు అని ఉంది, లెక్క ప్రకారం అదే గండికోట దూరం.

"ఇంకెంతసేపు?"

"ఇరవై నిమిషాలు, ఇరవైఐదు."

అమ్మ ఆ వెలుగు రెక్క కిందికి పోయేదాకా చూసింది. "ఇక్కడ ఒక్క నిమిషం ఆపితే దిగిపోదును నాయనా. మళ్లీ బెంగళూరు నుంచి ఏడు గంటలు బస్సులో రావాలి."